చెప్పిన మాట వినే పెట్టె

ఇంటికి మిక్సీ కొన్నా, ఫ్రిజ్ కొన్నా ధర, మన్నిక, గ్యారంటీ చూసుకుంటాం. స్మార్ట్ స్పీకర్ దగ్గరకు వచ్చేసరికి ఈ మూడూ చాలవు. అది మనిషి గొంతు విని పనిచేసే వస్తువు. కనుక కొనే ముందు మరో ప్రశ్న వేసుకోవాలి: మన ఇంట్లో అది ఎవరి మాట వింటుంది? తెలుగునాట ఉన్నవారికి ఈ ప్రశ్న అంత పెద్దదిగా తోచకపోవచ్చు. తమిళుల మధ్య, కన్నడిగుల మధ్య, ఒడియా, మరాఠీ వారి మధ్య ఉంటూ ఇంటి నాలుగు గోడల లోపల తెలుగును నిలుపుకుంటూ వస్తున్న మనలాంటి వాళ్లకు మాత్రం అసలు ప్రశ్న ఇదే.

మా కుటుంబం మూడు తరాలుగా బరంపురంలో ఉంటోంది. బజారులో ఒడియా, బ్యాంకులో ఇంగ్లీషు, హిందీ, గుమ్మం దాటి లోపలికొస్తే తెలుగు. ఇంట్లో ఎనభై దాటిన మా అమ్మ, నేను, నా భార్య, మా తమ్ముడి కుటుంబం, వాళ్ల ఆరేళ్ల పాప ఉంటాం. స్పీకర్ కొందామన్నది మా తమ్ముడు. ఎంపిక చేసే పని నా మీద పడింది. నేను చదివింది కామర్స్. ఎలక్ట్రానిక్స్‌తో నాకు పరిచయం తక్కువ. అయినా అప్పు కోసం వచ్చిన దరఖాస్తును ఎలా పరిశీలిస్తామో అలాగే దీన్నీ అన్ని వైపుల నుంచీ చూశాను. అలా తెలుసుకున్న సంగతులు మన పత్రిక పాఠకులకూ పనికొస్తాయని రాస్తున్నాను.

పెట్టె పనిచేసే తీరు

చూడడానికి చిన్న గుండ్రటి డబ్బా. లోపల స్పీకరు, కొన్ని మైకులు, వైఫైకి కలిసే ఏర్పాటు ఉంటాయి. దానికొక పిలుపు పేరుంటుంది. ఆ పేరు వినబడేదాకా చెవి ఒగ్గి ఊరుకుంటుంది. పేరు వినగానే లైటు వెలుగుతుంది. ఆ తరువాత మనం అన్న మాటలను ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లకు పంపి, జవాబు తెచ్చి వినిపిస్తుంది. పాట పెట్టమంటే పెడుతుంది. టైము, వాతావరణం చెబుతుంది. మాత్ర వేసుకోవలసిన వేళ గుర్తుచేస్తుంది. తగిన బల్బు గానీ ప్లగ్గు గానీ ఉంటే లైటు వేస్తుంది, ఆర్పుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. దీన్ని మాత్రం దానికి తెలిసిన భాషలోనే అడగాలి.

మార్కెట్లో ముఖ్యంగా మూడు కుదుళ్లున్నాయి. అమెజాన్ వారి ఎకో అమెరికాలో 2014లో, మన దేశంలో 2017లో వచ్చింది. అందులో మాట్లాడే సహాయకురాలి పేరు అలెక్సా. గూగుల్ వారి స్పీకర్ అక్కడ 2016లో, ఇక్కడ 2018లో వచ్చింది. మూడోది ఆపిల్ వారి హోమ్‌పాడ్. దాన్ని ఇంట్లో అమర్చుకోవాలంటే ఐఫోనో, ఐప్యాడో ఉండి తీరాలి. మా ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే కనుక దాన్ని ముందే పక్కన పెట్టాం.

భాష దగ్గర వచ్చిన చిక్కు

మన దేశంలో అలెక్సా మొదట ఇంగ్లీషుతో వచ్చి, 2019లో హిందీ నేర్చింది. గూగుల్ స్పీకర్లకూ ఇంగ్లీషు, హిందీ వచ్చు. మేము చూసిన స్పీకర్లలో భాషల జాబితా తెరిచి చూస్తే తెలుగు కనిపించలేదు. చేతిలోని ఫోను ఈ విషయంలో ముందుంది. గూగుల్ వారి జెమిని యాప్ 2024లో మన దేశానికి వచ్చినప్పుడే తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలతో వచ్చింది. ఫోనుకు తెలుగు వచ్చింది కదా, స్పీకరుకూ వచ్చే ఉంటుందని అనుకోకండి. రెండూ వేరు. కంపెనీలు కొత్త భాషలు చేరుస్తూనే ఉంటాయి కనుక కొనే రోజున ఆ జాబితా మీరే ఒకసారి చూసుకోండి.

కొనే ముందు పరీక్షించి చూద్దామని, ఇలాంటి స్పీకరున్న ఒక సహోద్యోగి ఇంటికి అందరం వెళ్లాం. అమ్మ దాని ముందు కూర్చుని, ‘అన్నమయ్య పాటొకటి పెట్టమ్మా’ అంది. అది ఇంగ్లీషులో క్షమాపణ చెప్పింది. అమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. ‘ఏటే ఇది, నా మాట దీనికి తెలీదా?’ అని నవ్వేసింది. పక్కనున్న మా పాప వెంటనే, ‘మామ్మా, దీనికి తెలుగు రాదు. నువ్వే ఇంగ్లీషు నేర్చుకోవాలి’ అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. పాప అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏ భాషలో అడిగితే పని జరుగుతుందో ఆ భాషనే పిల్లలు గట్టిగా పట్టుకుంటారు. బడిలో తెలుగుతో పని జరగదు, వీధిలో జరగదు. అన్నం పెట్టించుకోవాలన్నా, కథ చెప్పించుకోవాలన్నా తెలుగుతో పని జరిగే చోటు ఇల్లొక్కటే. ఆ ఇంటి హాలులోనే, అడిగిందల్లా చేస్తూ తెలుగు మాత్రం అర్థం చేసుకోలేని వస్తువొకటి కూర్చుంటే, మామ్మ భాష పనికిరానిదని ఆరేళ్ల పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పాత రోజుల్లో రేడియో మనకు ఈ చిక్కు తెచ్చిపెట్టలేదు. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. తెలుగునాటికి దూరంగా ఉన్నవారికి కూడా మన పాటలు, నాటకాలు, వార్తలు మన భాషలోనే వినిపించాయి. రేడియో మనల్ని మాట్లాడమని అడగలేదు. ఈ పెట్టె అడుగుతుంది. అందుకే దీని దగ్గర భాష సంగతి ముందే తేల్చుకోవాలి.

మేము చేసుకున్న ఏర్పాటు

అలాగని కొనడం మానుకోలేదు. అమ్మకు చూపు మందగించింది. ఫోను తెర మీది అక్షరాలు కనబడవు. నోటితో చెబితే వినే వస్తువు అవసరం ఇంట్లో అందరికన్నా ఆమెకే ఎక్కువ. కనుక ఆమెకు పనికొచ్చేలా ఎంచుకోవాలనుకున్నాం.

మొదట చూసింది పిలుపు పేరు. గూగుల్ స్పీకరును పిలవాలంటే గూగుల్ పేరు ఎత్తక తప్పదు. ఎకోలో అలెక్సా అనే పేరును మార్చుకుని ‘ఎకో’ అని పిలవవచ్చు. అలెక్సా అనడానికి అమ్మ నాలుక తిరగలేదు. ‘ఎకో’ రెండక్షరాల మాట కనుక సులువుగా వచ్చింది. మా ఎంపిక తేలిపోయింది. మీ ఇంటి పెద్దలకు గూగుల్ అనడమే సులువైతే మీ ఎంపిక వేరుగా ఉంటుంది.

రెండోది, మాట అక్కరలేకుండా జరిగే పనులు. ఫలానా వేళకు ఫలానా పని చేయమని ఫోను యాప్‌లో ఒకసారి రాసిపెట్టుకునే వీలుంది. దీన్నే రొటీన్ అంటారు. పొద్దున్న ఆరింటికి సుప్రభాతం, రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర గుర్తుచేయడం అలా పెట్టాం. వీటికి అమ్మ నోరు విప్పనక్కరలేదు.

మూడోది, పాటల పేర్లు. ఇంగ్లీషు చెవికి తెలుగు పాట పల్లవి చెబితే ఏదో ఒకటి ఊహించుకుని మరేదో పెడుతుంది. అందుకని అమ్మకు ఇష్టమైన పాటలన్నీ ఒక జాబితాగా చేర్చి దానికి ‘మార్నింగ్’ అని చిన్న పేరు పెట్టాం. స్టాపు, టైము, రేడియో అన్నవి అమ్మకు ఎప్పటినుంచో తెలుగు మాటలే. ‘ఎకో, స్టాప్’ అనడానికి ఆమె ఏమీ నేర్చుకోవలసి రాలేదు.

నాలుగోది ఇంటి నియమం. పెట్టెతో ఏ భాషలో మాట్లాడినా సరే, అది ఇంగ్లీషులో చెప్పిన జవాబును పాప మామ్మకు తెలుగులో చెప్పాలి. మామ్మ అడిగిన ప్రశ్నను పెట్టెకు ఇంగ్లీషులో అడగాలి. మొదట్లో విసుక్కుంది. తరువాత అదే ఆటయింది. ఒకరోజు అది గాలిలో తేమ ఎక్కువగా ఉందని చెబితే ‘హ్యుమిడిటీ’ని తెలుగులో ఏమంటారని మామ్మనే అడిగింది. ‘ఉక్కపోత అంటే సరిపోతుందిలే’ అంది అమ్మ. పెట్టెకూ మామ్మకూ మధ్య ఇప్పుడు మా పాపే దుబాసి. దుబాసికి రెండు భాషలూ వచ్చి తీరాలి కదా!

ఖర్చు లెక్క

అలవాటు కొద్దీ లెక్క కూడా వేశాను. చిన్న స్పీకరు సుమారు 5,000 రూపాయలు అనుకుందాం. ఊరికే ఉన్నప్పుడు రెండు వాట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు ఒకటిన్నర యూనిట్ల లోపే. కరెంటు భారం లేదు. అసలు ఖర్చు పాటల చందాలో ఉంది. నెలకు 100 రూపాయలు వేసుకున్నా అయిదేళ్లకు 6,000. వడ్డీ అసలును మించిందన్నమాట. చందా లేకపోతే మధ్య మధ్య ప్రకటనలు వస్తాయి, కోరిన పాట అన్నిసార్లూ రాదు. కనుక ధర చూసేటప్పుడు చందా కూడా కలిపి చూడండి.

మామూలుగా ఈ స్పీకర్లకు బ్యాటరీ ఉండదు. కరెంటు పోయినా, వైఫై పోయినా మూగబోతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా పక్కనే ఉన్న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ తరువాత మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు వార్త చెప్పేది సెల్లు వేసిన రేడియోయే. స్పీకరు కొన్నారని పాత ట్రాన్సిస్టరును పారేయకండి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆపద వేళ ఈ పెట్టె 112కు ఫోను చేస్తుందని నమ్ముకోకూడదు. అవసరమైన నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కనే పెట్టండి.

గోడలకు చెవులు

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఇప్పుడు ఆ చెవులను మనమే డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం. పిలవకపోయినా పిలిచారనుకుని ఒక్కోసారి లేస్తుంది. అప్పుడు మన మాటలు రికార్డవుతాయి. పిల్లల గొంతు రికార్డులను అవసరానికి మించి ఉంచుకుందని, తల్లిదండ్రులు తీసేయమన్నా పూర్తిగా తీసేయలేదని అమెరికా ప్రభుత్వం ఆరోపించగా, 2023లో అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. మన దేశంలోనూ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం ఉంది కదా అని మన జాగ్రత్త మానకూడదు.

ఎకో మీద మైకు ఆపే బొత్తం ఉంటుంది. నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది. గూగుల్ నెస్ట్ మినీకి పక్కన స్విచ్చి ఉంటుంది. ఇంట్లో డబ్బు సంగతులు, పెళ్లి సంబంధాల మాటలు, జబ్బుల మాటలు నడిచేటప్పుడు మైకు ఆపేయడం అలవాటు చేసుకోండి. పడకగదిలో పెట్టకండి. హాలులో, టీవీకి కాస్త దూరంగా పెట్టండి. పాత రికార్డులను నెలకోసారి యాప్‌లోకి వెళ్లి తుడిచేయండి.

బ్యాంకు ఉద్యోగిగా మరో మాట. గొంతుతో వస్తువులు కొనే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంటే ఆపేయండి. పిల్లలు సరదాగా అన్న మాటకు మీరు బిల్లు కట్టవలసి రావచ్చు. స్పీకరు ఉన్న గదిలో పిన్ను, ఓటీపీ, కార్డు నంబరు పైకి చదవకండి. అలా చదవడం స్పీకరు లేని గదిలోనూ మంచిది కాదు.

ధర, శబ్దం, రంగు ఇవన్నీ పెట్టె మీద రాసే ఉంటాయి. మీ ఇంట్లో అది ఎవరికి ఉపయోగపడుతుందో మాత్రం ఏ పెట్టె మీదా రాసి ఉండదు. కొనే రోజున ఇంట్లో అందరికన్నా పెద్దవారినీ, అందరికన్నా చిన్నవారినీ వెంట తీసుకెళ్లండి. ఇద్దరి చేతా మాట్లాడించి, అది ఎంతవరకు వింటుందో, వినని చోట ఇంట్లో ఎవరు ఆదుకుంటారో చూసుకున్నాకనే బిల్లు వేయించండి.