ఘాటీలో బ్రేకు ఎందుకు పట్టలేదు?

స్నేహితులారా! మనలో చాలామంది సెలవులకు జీపుల్లోనే కొండ ఎక్కుతాం, జీపుల్లోనే దిగుతాం. దిగేటప్పుడు ఎప్పుడైనా చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చిందా? అందరూ ముక్కు మూసుకుని ఊరుకుంటారు. కానీ ఆ వాసన మనకు ఒక హెచ్చరిక. ఎందుకో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

జరిగిన సంగతి

దసరా సెలవులు అయ్యాక నేను, మా చెల్లి మా మావయ్య జీపులో హాస్టలుకు వస్తున్నాం. జీపు నిండా జనం. పైన పసుపు బస్తాలు. మావయ్య మూడో గేరులో దిగుతూ, బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా వస్తున్నాడు. సగం ఘాటీ దిగాక కాలిన వాసన మొదలైంది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడలు మెత్తగా అయిపోయి కిందికంటా పోయింది. జీపు మాత్రం ఆగలేదు.

"గట్టిగా పట్టుకోండర్రా!" అని మావయ్య అరిచాడు. పెడలు టకటకా తొక్కుతూనే రెండో గేరు, తర్వాత మొదటి గేరు వేశాడు. ఇంజను పెద్దగా మొత్తుకుంది. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ లోయ వైపు పోకుండా కొండ వైపు కాలవలోకి పోనిచ్చాడు. జీపు గట్టుకు రాసుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మా చెల్లి మాత్రం నా చెయ్యి వదల్లేదు.

చక్రాల్లోంచి పొగ వస్తుంటే ఒకాయన బిందెతో నీళ్ళు పోయబోయాడు. "పొయ్యకండి, డ్రమ్ము పగిలిపోద్ది" అని మావయ్య ఆపాడు. గంటసేపు అందరం చెట్టు కింద కూర్చున్నాం. తర్వాత మావయ్య పెడలు తొక్కి చూస్తే బ్రేకు మళ్ళీ పట్టింది! ఎవరూ రిపేరు చేయలేదు. మరి ఎలా బాగయింది? ఇదే నాకు అర్థం కాలేదు. మా సైన్సు సారుని అడిగితే ఓపికగా చెప్పారు.

వేడి ఎంత పుడుతుంది?

మనం 9వ తరగతిలో శక్తి పాఠం చదువుకున్నాం. శక్తి నశించదు, రూపం మారుతుంది. కొండ మీదున్న బండికి స్థితిశక్తి ఉంటుంది. దిగేటప్పుడు వేగం పెరగకుండా బ్రేకు పట్టుకుంటే ఆ శక్తి వేడిగా మారుతుంది.

లెక్క చూడండి. మనుషులతో, బస్తాలతో కలిపి జీపు బరువు 2,000 కిలోలు అనుకుందాం. 600 మీటర్ల ఎత్తు దిగితే 2,000 × 9.8 × 600 = 1,17,60,000 జౌళ్ళు. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి సుమారు 3,15,000 జౌళ్ళు కావాలి. అంటే ఆ శక్తితో సుమారు 37 లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు! కొంత గాలికి, టైర్లకు పోతుంది. గేరులో ఉంటే ఇంజను కూడా కొంత పీల్చుకుంటుంది. మిగిలిందంతా ఆ నాలుగు చక్రాల బ్రేకులే భరించాలి.

వేడెక్కితే ఏమవుతుంది?

1. బ్రేకు లైనింగులో పదార్థాలను అతికించే జిగురు ఉంటుంది. మరీ వేడెక్కితే అది మాడి వాయువు వస్తుంది, ఘర్షణ తగ్గిపోతుంది. అప్పుడు పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు.

2. డ్రమ్ము బ్రేకులో డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది. అందుకని పెడలు ఇంకా లోపలికి తొక్కాల్సి వస్తుంది.

3. బ్రేకు ఆయిలు మరుగుతుంది. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. సూది లేని సిరంజిలో నీళ్ళు నింపి, మూతి వేలితో మూసి నొక్కి చూడండి. కదలదు. కొంచెం గాలి బుడగ ఉంచి నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి. మనం తొక్కిన బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది.

చల్లారితే ఆవిరి మళ్ళీ ఆయిలుగా మారుతుంది, డ్రమ్ము సంకోచిస్తుంది. మా జీపు బ్రేకు తిరిగి పట్టింది అందుకే. కానీ బాగయిపోయిందని మళ్ళీ అలాగే దిగితే మళ్ళీ అదే జరుగుతుంది.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. అందులో సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మా ప్రాంతంలో ఎంత వాన, ఎంత మంచో మీకు తెలుసు. మెకానిక్కు చూసి, మావయ్య జీపులో ఆయిలు నల్లగా, పాతదై ఉందన్నాడు.

పందెం కార్లకు కూడా ఇదే బాధ

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కార్ల పందేల ట్రాకు ఉంది. అలాంటి చోట 1,500 కిలోల కారు గంటకు 180 కి.మీ. వేగం నుంచి 72 కి.మీ.కి తగ్గితే, కొన్ని సెకన్లలోనే 15,75,000 జౌళ్ళ శక్తి పోవాలి. 5 లీటర్ల నీళ్ళు మరిగే వేడి అది! ప్రతి చుట్టులో చాలా మలుపుల దగ్గర ఇలాగే బ్రేకు వేయాలి. అందుకని ఆ కార్లకు గాలి ఆడే డిస్కులు, చల్లగాలి వచ్చే గొట్టాలు, ఎక్కువ వేడికి గాని మరగని ఆయిలు పెడతారు. ఫార్ములా వన్ కార్లలోని కార్బన్ డిస్కులు సుమారు 1,000 డిగ్రీలకు చేరి ఎర్రగా మెరుస్తాయి.

ఆ డ్రైవర్లు బ్రేకు గట్టిగా, కొద్దిసేపే వేసి వదిలేస్తారు. ఊరికే కాలు ఆనించి ఉంచరు. వదిలినప్పుడే బ్రేకుకు గాలి తగిలి చల్లారుతుంది. పెడలు మెత్తబడితే ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి చల్లార్చుకుంటారు. ఆపాక వెంటనే హ్యాండ్ బ్రేకు లాగరు.

కానీ స్నేహితులారా, ట్రాకు చదునుగా ఉంటుంది. ఘాటీలో చల్లార్చుకునే చుట్టు ఉండదు. కింద దాకా పల్లమే. కాబట్టి ముందే జాగ్రత్త పడాలి.

గుర్తుంచుకోవలసినవి

1. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. దిగడం మొదలుపెట్టక ముందే చిన్న గేరు వేయాలి.
2. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేయకూడదు, ఇంజను ఆపకూడదు. ఇంజను పట్టు పోతే భారమంతా బ్రేకు మీదే పడుతుంది.
3. వాసన వచ్చినా, పెడలు మెత్తబడినా వెంటనే చదును చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, చల్లారనివ్వాలి. నీళ్ళు పోయరాదు.
4. బరువు రెట్టింపయితే వేడి కూడా రెట్టింపు. ఎక్కువమందిని ఎక్కించకూడదు.
5. బ్రేకు ఆయిలు రెండేళ్ళకొకసారైనా మార్చాలి.

మా మావయ్య చదువుకోలేదు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదట. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని 37 లీటర్ల లెక్క చెప్పాను. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గేరు సంగతి నాకు తెల్సు పిల్లా. ఆరోజు తొందరపడ్డాను" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పై నుంచే రెండో గేరు వేశాడు. వెనకాల కూర్చున్నవాళ్ళు "నడిచిపోవడమే నయం" అని నవ్వారు. మావయ్య పట్టించుకోలేదు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. సెలవులకు పంపేటప్పుడు జీపులో ఎంతమంది ఎక్కారో దయచేసి లెక్కపెట్టండి. స్నేహితులారా, వాసన వస్తే మీరు సిగ్గుపడకుండా "అన్నా, బండి ఆపు" అని చెప్పండి. పెద్దవాళ్ళకు ఎలా చెప్పాలా అని ఆరోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంకెప్పుడూ అలా కూర్చోను.

తప్పులుంటే క్షమించగలరు.

— 9వ తరగతి విద్యార్థిని