సీపాప్ చికిత్స వివరాల స్వీయపరిశీలన

నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే వ్యాధిని స్లీప్ ఆప్నియా అంటారు. దీని చికిత్సకు వాడే సీపాప్ యంత్రము మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి, గొంతులోని వాయుమార్గం మూసుకుపోకుండా కాపాడుతుంది. ఈ పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సల్లివాన్, ఆయన సహచరులు 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

నమోదయ్యే అంశాలు

వాడిన గంటలు, గాలి ఒత్తిడి, మాస్కు నుండి గాలి కారడం, ఏ.హెచ్.ఐ. సూచిక మొదలైనవాటిని చాలా యంత్రాలు మెమరీ కార్డులో భద్రపరుస్తాయి. కనీసం 10 సెకండ్లపాటు శ్వాస ఆగిన లేదా బాగా తగ్గిన సందర్భాలు గంటకు సగటున ఎన్నిసార్లు కలిగాయో ఏ.హెచ్.ఐ. తెలుపుతుంది. పెద్దలలో ఇది 5 కంటే తక్కువైతే సాధారణమనీ, 30 లేక అంతకు మించితే తీవ్రమనీ పరిగణిస్తారు. ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సహాయంతో రోగి కూడా ఈ వివరాలను చూడవచ్చును.

వైద్యునికి తెలుపుట

యంత్రము గాలి ప్రవాహాన్ని బట్టి లెక్కిస్తుందే కాని, రోగి నిద్రిస్తున్నాడో మేలుకొని ఉన్నాడో దానికి తెలియదు. కనుక ఒక్క రాత్రి అంకెను కాక, కొన్ని వారాల వివరాలను పగటి మగత వంటి లక్షణాలతో కలిపి వైద్యునికి చూపవలెను. ఒత్తిడిని రోగి తానే మార్చుకొని ఉంటే ఆ సంగతి దాచరాదు. ఒత్తిడి పెరిగినపుడు కొందరిలో మెదడు నుండి శ్వాసకు ప్రేరణ అందని సెంట్రల్ ఆప్నియా తలెత్తవచ్చును. మార్పు సంగతి తెలియని వైద్యుడు దానిని వ్యాధి ముదిరినట్లుగా పొరబడే అవకాశమున్నది.