నగరమున పనిలేనివారి గణన

వారమున ఏదో ఒకనాడు గంటసేపైనను పనిచేసినవానిని ఆ వారమునకు ఉపాధి గలవానిగనే గణించుట, 2017లో ఆరంభమైన కేంద్రప్రభుత్వ శ్రామికశక్తి సర్వేక్షణలోని వారపు లెక్కకు నియమము. హైదరాబాదు లేబర్ అడ్డాలలో తెల్లవారకమునుపే పార, తాపీ చేతబట్టి నిలిచి, ఏ మేస్త్రీయు పిలువక, పది దాటిన పిమ్మట సద్దిడబ్బా విప్పకయే ఇంటిముఖము పట్టు కూలివాడు, ఆ వారమున ఒక్కపూట పని దొరికినచో నిరుద్యోగులలో చేరడు. కావున శాతము తగ్గెనని విన్నంతనే బాధయు తగ్గెనని తలపరాదు.

లెక్క అటుండగా, ఈ నగరమున పని తీరే మారినది. 1942లో వెలసిన ఆల్విన్, బాలానగరు ఐ.డి.పి.ఎల్. వంటి కర్మాగారములు ఐ.టి.ఐ. చదివిన యువకునకు సైతము స్థిరమైన జీతమును, భవిష్యనిధిని ఇచ్చినవి. అవి క్షీణింపగా, 1998లో సైబర్ టవర్స్‌తో తలుపు తెరచిన హైటెక్ సిటీ వేరొక విద్యగలవారిని ఆహ్వానించినది.

ఆ విద్యకై జిల్లాలనుండి వచ్చి అమీర్‌పేట హాస్టళ్లలో, మంచమే బల్లగా, జావా, పైథాన్ అభ్యసించు బి.టెక్. పట్టభద్రులనేకులు. బీదవానికి పనిలేక కూర్చుండుటకు స్తోమత లేదు, దొరికినదెల్ల చేయును. తగిన కొలువుకై నిరీక్షించువాడు విద్యావంతుడు. కనుకనే చదివినవారిలో నిరుద్యోగశాతము హెచ్చు. తండ్రి పంపు సొమ్ము చాలక డెలివరీ బండినెక్కినచో, అతడును ఆనాటినుండి ఉద్యోగియే.

స్త్రీల విషయము నన్ను మరింత కలచివేయుచున్నది. బిడ్డను చూచువారు లేక కొలువు విడిచి, పనిని వెదకుటయు మానిన యువతి, శ్రామికశక్తిలోనే లేనిదగుటచే, నిరుద్యోగిగనైనను ఆ సర్వేక్షణ పట్టికలలో కానరాదు.