బీరువాలోని మాత్ర

టౌన్‌షిప్ జీవితంలో రహస్యాలకు చోటు తక్కువ. ఎవరి ఇంట ఏ కూర వండినదీ, ఎవరు రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి నిద్రిస్తున్నదీ ఇరుగుపొరుగులకు తెలిసిపోతూనే ఉంటుంది. రక్తపోటుకు, చక్కెర వ్యాధికి వాడే మాత్రలు అందరి ఇళ్ళలోనూ భోజనాల బల్లపైనే ఉంటాయి. కాని మా ఇంట ఒక మాత్ర మాత్రం రెండేళ్ళపాటు బీరువాలో, చీరల మడతల మధ్య ఉండిపోయింది. అది మా అబ్బాయి వేసుకొనే మాత్ర.

వాడు పదవ తరగతిలో ఉండగా ఆటలు మానివేశాడు. అన్నం సయించక, గోడవైపు తిరిగి పడుకొనేవాడు. పరీక్షల భయమనుకున్నాం. కొన్ని నెలలకు అందుకు పూర్తిగా విరుద్ధమైన స్థితి వచ్చింది. రాత్రి రెండు గంటలైనా నిద్రించకుండా, అలసట ఎరుగకుండా గడగడా మాట్లాడేవాడు. దాచుకున్న డబ్బంతా ఒక్కరోజులో మిత్రులకు పంచిపెట్టాడు. ఇంట్లో పెద్దలు దిష్టి అన్నారు, బంధువులు గారాబం అన్నారు. మానసిక వైద్యులు బైపోలార్ రుగ్మత అన్నారు. మా పెంపకంలో లోపమా అని అడిగినప్పుడు, ఇది పెంపకం వల్ల వచ్చే వ్యాధి కాదనీ, ఇందులో వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉన్నదనీ ఆయన నచ్చజెప్పారు. లిథియం మాత్రలు ప్రారంభించారు.

మేలు చేసే లవణం

లిథియం ప్రకృతిలో లభించే ఒక మూలకం. దాని లవణాలు ఉన్మాద స్థితిని శాంతింపజేస్తాయని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించాడు. ఉద్రేకాన్నీ, కుంగుబాటునూ మళ్ళీ మళ్ళీ రానీయకుండా కాపాడే మందుగా నేటికీ దానికి గౌరవస్థానం ఉంది. అయితే మేలు చేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటల తరువాత రక్తం తీసి పరీక్షిస్తారు. సాధారణంగా లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు ఉండేలా చూస్తారు. థైరాయిడ్, మూత్రపిండాల పనితీరును కూడా క్రమం తప్పక గమనిస్తారు.

ఇవన్నీ మేము శ్రద్ధగానే పాటించాం. వాడు కోలుకొని ఇంటర్మీడియట్‌లో చేరాడు. పాటించనిది ఒక్కటే. ఆ మందు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక మే నెలలో

ఆ వేసవిలో వాడికి జ్వరం, ఒళ్ళునొప్పులు, వాటితోపాటు విరేచనాలు పట్టుకున్నాయి. డిస్పెన్సరీకి తీసుకువెళ్ళాం. వరుసలో మా వెనుక పక్క క్వార్టరువారు నిలబడి ఉన్నారు. “బాబు ఇంకేమైనా మందులు వాడుతున్నాడా?” అని డాక్టరుగారు అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొని, “లేదండీ” అన్నాం.

ఆయన జ్వరానికీ, నొప్పులకూ ఐబూప్రొఫెన్ రాసి ఇచ్చారు. విరేచనాలతో ఒంట్లోని నీరూ, ఉప్పూ తగ్గినప్పుడు మూత్రపిండాలు లిథియాన్ని బయటకు పంపక నిలిపివేస్తాయి. ఐబూప్రొఫెన్ ఆ నిల్వను మరింత పెంచుతుంది. మేము రాత్రి మాత్ర కూడా మానకుండా ఇస్తూనే ఉన్నాం. మూడవనాటికి వాడి చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది, అడుగు తూలింది. మళ్ళీ రోగం తిరగబెట్టిందని భ్రమపడి కొన్ని గంటలు వృథా చేశాం. పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయగా లిథియం 2 మిల్లీమోల్ దాటి ఉంది. మాత్ర ఆపివేసి, సెలైన్ ఎక్కించి, నాలుగు రోజులు కనిపెట్టి చూశారు. బిడ్డ దక్కాడు.

ఆ నాలుగు రాత్రులూ మంచం పక్కన కూర్చొని మేము ఆలోచించినది ఒక్కటే. వాడికి హాని చేసినది మందు కాదు, మేము ఆడిన చిన్న అబద్ధం.

తరువాత మేము నేర్చుకున్నవి

వైద్యులు మోతాదు సరిచేసి మాత్ర తిరిగి ప్రారంభించారు. మందు పేరు, మోతాదు రాసిన చీటీ ఇప్పుడు వాడి జేబులో ఉంటుంది. జ్వరానికి ఏ మాత్ర వేయాలన్నా ముందుగా వైద్యుని అడుగుతాం. వాంతులో, విరేచనాలో అయితే వెంటనే ఆయనకు తెలియజేస్తాం. ఉప్పు తగ్గించే పథ్యాలు సొంతంగా చేయనీయం. లిథియం వాడేవారికి దాహం, మూత్రవిసర్జన ఎక్కువ గనుక, తరగతి నుండి బయటకు వెళ్ళే అనుమతి కోసం క్లాసు టీచరుగారికి చెప్పాం. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అంగీకరించారు. మేము ఊహించుకున్న అవమానం ఎక్కడా ఎదురుకాలేదని అనలేం. దూరమైన బంధువులు ఉన్నారు. కాని దగ్గరైనవారే ఎక్కువ.

మరొక పాఠం వాడే నేర్పాడు. ఒకనాడు చెల్లెలితో తగవుపడి గట్టిగా అరిచాడు. అలవాటుగా, “మాత్ర వేసుకున్నావా?” అన్నాం. “నాకు మామూలు కోపం కూడా రాకూడదా నాన్నా?” అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాం. ప్రతి ఉత్సాహంలో ఉన్మాదాన్నీ, ప్రతి మౌనంలో కుంగుబాటునూ వెదకడం మానుకోవాలి. నిద్ర బాగా తగ్గడం, ఖర్చు, మాట హద్దు దాటడం, రోజుల తరబడి తిండి సయించకపోవడం, చావు మాటలు రావడం – వీటిని మాత్రం ఉపేక్షించరాదు. మాత్ర వేసుకొని క్యాలెండరులో గుర్తు పెట్టే బాధ్యత ఇప్పుడు వాడిదే. మేము వారానికొకసారి చూస్తాం.

తోటి ఉద్యోగులకు రెండు మాటలు. ఆరోగ్య బీమాలో మానసిక వ్యాధులను శారీరక వ్యాధులతో సమానంగా పరిగణించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వ్యాధి వివరాలు ఊరంతా చాటనవసరం లేదు. వైద్యుని వద్ద మాత్రం దాచరాదు.

రాత్రి భోజనం కాగానే వాడి తాతగారు రక్తపోటు మాత్ర తీసుకుంటారు. ఆ పక్కనే కూర్చొని మనుమడు తన మాత్ర వేసుకుంటాడు. రెండు డబ్బాలూ ఇప్పుడు భోజనాల బల్లపైనే ఉన్నాయి.