ట్యూబు పూసే ముందు... ఒక్క నిమిషం!

ఉగాది దాటిందంటే హొళగుంద చేలల్లో ఎండ నెత్తిమీదే ఉంటుంది. చెమటకు మెడంతా పొక్కులు, నడుం దగ్గర బట్ట ఒరుసుకున్నచోట దురద. చర్మ నిపుణుణ్ని చూడ్డానికి ఆదోని బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే చాలామంది మందుల షాపుకెళ్లి 'దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వన్నా' అంటారు. అది పూస్తే రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది. ఆపితే మాత్రం మచ్చ రెట్టింపై తిరిగొస్తుంది!

కారణం ఆ ట్యూబులో ఉండే స్టెరాయిడ్. అది దురదనే కాదు, చర్మానికుండే రక్షణశక్తినీ అణిచేస్తుంది. ఉన్నది తామరైతే ఫంగస్‌కు అడ్డే ఉండదు. చాలాకాలం వాడితే చర్మం పల్చబడి చారలు పడతాయి. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని కేంద్రం 2018లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే సొంతంగా వాడొద్దు.

అసలు వచ్చిందేమిటో తెలిస్తే సగం వైద్యం ఇంట్లోనే అయిపోతుంది.

చెమటకాయలా?
స్వేద నాళాలు మూసుకుపోతే వచ్చే చిన్న పొక్కులివి. చన్నీళ్ల స్నానం, వదులైన నూలు బట్టలు, గాలి తగిలే చోటు... ఇవే మందు. దురద ఎక్కువైతే కాలమైన్ లోషన్ రాయొచ్చు. నూనెలు, జిడ్డు పూతలు వద్దు.

తామరా?
గుండ్రటి మచ్చ, ఎర్రగా ఉబ్బిన అంచు, మధ్యలో మామూలు చర్మం. క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందును అంచు దాటి కాస్త అవతలి వరకూ పూయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వారికే. వాటిని రోజూ ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. మామూలు మందులకు లొంగని ఫంగస్ మన దేశంలో పెరుగుతోంది. కాబట్టి నాలుగు వారాల్లో తగ్గకపోతే డాక్టర్ని కలవాల్సిందే.

గజ్జా?
రాత్రిపూట దురద ఎక్కువ. వేళ్ల సందులు, మణికట్టు, నడుం దగ్గర పొక్కులు. డాక్టరు రాసిన పెర్మెత్రిన్ మందును ఇంటిల్లిపాదీ ఒకేరోజు మెడ నుంచి పాదాల దాకా పూసుకోవాలి. ఒక్కరు మానేసినా మళ్లీ అందరికీ అంటుకుంటుంది. పక్కబట్టలు వేణ్నీళ్లలో ఉతకాలి.

వయ్యారిభామ తగిలిందా?
ఈ కలుపు మొక్క పడనివారికి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతుల మడతల్లో దద్దుర్లొస్తాయి. పూత రాకముందే చేతికి తొడుగులేసుకుని, నిండు చేతుల చొక్కాతో పీకాలి. ఇంటికి రాగానే స్నానం చేయాలి.

ఏ దద్దుర్లకైనా కిరసనాయిలు, వెల్లుల్లి ముద్ద, టూత్‌పేస్టు మాత్రం పూయొద్దు. చర్మం కాలిపోతుంది.

ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?
పెదాలు, నాలుక వాచి ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. జ్వరంతోపాటు నొక్కినా రంగు మారని ఊదా మచ్చలొచ్చినా, చీము పట్టినా, నెలల పసికందుకు దద్దుర్లొచ్చినా ఆలస్యం వద్దు. దురదా నొప్పీ లేకుండా స్పర్శ పోయిన తెల్లటి మచ్చ కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి ఉచితంగా మందులిస్తారు. పూర్తిగా నయమవుతుంది.

ఆదోని ప్రయాణానికి పోయేది ఒక రోజు కూలి. తెలియని ట్యూబుతో నెలల తరబడి నిద్రే పోవచ్చు!