వేడినీటి పంపు నిలిచినచో

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టభూములలో కాపురము చేయు మనకు నీటి విలువను వేరుగ చెప్పవలసిన పనిలేదు. ఇటీవల కట్టిన కొన్ని మేడలలో వేడినీటిని గొట్టములలో త్రిప్పుచుండు చిన్న పంపును అమర్చుచున్నారు. గీజరునకు స్నానపుగది దూరమైనప్పుడు, గొట్టములో చల్లారిన నీటిని మరల గీజరునకు చేర్చుట దాని పని. 15 మిల్లీమీటర్ల లోవ్యాసముగల గొట్టము 20 మీటర్లు సాగినచో, అందు సుమారు 3.5 లీటర్ల నీరు నిలిచియుండును. వేడినీరు వచ్చుదాక దినమునకు నాలుగుమారులు దానిని పారబోసినచో ఒక బిందెడు నీరు వ్యర్థమగును. కావున ఈ పంపు నిలిచినప్పుడు ఉపేక్షింపరాదు. పరీక్షింపక క్రొత్తది కొననూ రాదు.

మొదట, పంపు నిజముగా చెడినదా యని చూడవలెను. కొన్ని పంపులు గొట్టము వేడెక్కగానే తమంతట తామే ఆగును. కొన్నిటికి వేళలు నిర్ణయించు గడియారముండును. కరెంటు పోయినంతసేపు అట్టి గడియారములు కొన్ని నిలిచి, వెనుకబడును. దానిని సరిచేసినచో పంపు యథాప్రకారము నడచును.

పిమ్మట ఎం.సి.బి. మీట పడియున్నదేమో చూడుడు. పొడిచేతులతో, కాళ్లకు చెప్పులు తొడిగి, ఒక్కసారి మాత్రమే ఎత్తుడు. మరల పడినచో బలవంతముగా ఎత్తక ఎలక్ట్రీషియనును పిలువుడు. మీట పడుట మన ప్రాణరక్షణకే. కరెంటు తీయక పంపును తాకనే కూడదు.

తరువాత చెవియొగ్గి వినుడు. గుడగుడమని శబ్దమైనచో గొట్టములో గాలి చేరినదని యర్థము. దూరపు కుళాయిని విప్పి, ధార నిలకడగా వచ్చుదాక విడువవలెను. ఇట్టి పంపులలో పెక్కింటికి లోని ఇరుసును తడుపునది ఆ నీరే. కావున మీది ట్యాంకు ఖాళీయైనప్పుడు పంపును ఆపియుంచుడు.

పంపు మూలుగుచు తిరుగనిచో వెంటనే కరెంటు తీయుడు. లేనిచో లోని తీగచుట్ట కాలిపోవును. దీనికి తరచుగ బోరునీటి సున్నమే కారణము. పప్పును ఉడుకనీయనిది, కాగుల అడుగున తెల్లని పెచ్చుకట్టునది ఈ నీరే. నీరు కాగినప్పుడు అందు కరగియున్న సున్నము విడివడి, పంపు ఇరుసును పట్టివేయును. ప్లంబరుచేత పంపును విప్పించి, నిమ్మఉప్పు కలిపిన నీట ఆ భాగములను నానబెట్టించి, మంచినీట కడిగించినచో పెక్కుమారులు అది మరల తిరుగును. స్నానపుగదులు కడుగు యాసిడ్ మాత్రము వాడనీయకుడు; అది లోహమును తినివేయును.

పంపు తిరుగుచున్నను నీరు చల్లగానే వచ్చుచున్నదా? పంపు నీటిని కాచదు, త్రిప్పును మాత్రమే. గీజరు వేడెక్కుచున్నదా, నడిమి వాల్వు ఎవరైన మూసినారా, నీటిని వెనుకకు పోనీయని వాల్వు బిగిసినదా యని చూపింపవలెను. సూర్యరశ్మితో కాగు గీజరైనచో ముసురు దినములలో పంపును నిందించి లాభములేదు.

గీజరు వేడిమిని 60 డిగ్రీలకు మించనీయకుడు. వేడి హెచ్చినకొలది పెచ్చు త్వరగా కట్టును. 60 డిగ్రీల నీరైనను పసివారి మేనిని కొద్ది క్షణములలో బొబ్బలెక్కించును. కావున బకెట్టులో ముందు చన్నీరు, ఆపై వేడినీరు పోయుడు. ఏటికొకసారి గీజరు లోపలి పెచ్చును తీయించుడు.

ఈ వేడినీటిని వంటకు వాడుట మంచిది కాదు. మన సీమలో బోరునీటి ఫ్లోరైడు కాచినంతమాత్రమున పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలిన నీట దాని పాలు హెచ్చును. దానిని తీయుటకు నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. అందు వాడునవి సున్నము, పటిక, కాగు కాదు.

మరమ్మతు మన చేతిపని కాకపోవచ్చును. అయినను పంపు మూలిగినదో, గుడగుడలాడినదో, మౌనముగా నున్నదో చెప్పగలిగిన యిల్లాలు, పనివాని కాలమును తన సొమ్మును గూడ మిగుల్చుకొనగలదని మా మనవి.