ఫొటో చెప్పిన లెక్కను నమ్మే ఫోన్లు

తెలియని లింకు నొక్కొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని బ్యాంకులూ పోలీసులూ ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. మంచి మాటలే. కానీ మనం ఏదో పొరపాటు చేస్తేనే ఫోన్ పరాయివాడి చేతికి పోతుందన్న నమ్మకం వాటి వెనక ఉంది. 2021లో సౌదీ ఉద్యమకారుడొకరి ఐఫోన్‌ను కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశీలించినప్పుడు బయటపడినదాని ముందు ఆ నమ్మకం నిలవదు. ఆయన ఏదీ నొక్కనక్కర్లేకుండానే పని జరిగిపోయింది. ఐమెసేజ్‌కు బొమ్మల పేరుతో కొన్ని ఫైళ్లు వచ్చాయి, వాటి వెంటే ఇజ్రాయెల్ సంస్థ ఎన్‌ఎస్‌ఓ తయారుచేసిన పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ లోపలికొచ్చింది. ఇలాంటి దాడుల్లో తప్పు ఫోన్ వాడేవాళ్లది కాదు. ఫైలులో రాసిన అంకెను సరిచూడకుండా నమ్మేసిన ప్రోగ్రాముది. దాన్ని బాగుచేయాల్సిన బాధ్యత తయారీదారులదే. ఎలా బాగుచేయాలో కూడా వాళ్లకు తెలుసు.

ఫొటో ఫైలు మొదట్లో కొన్ని అంకెలుంటాయి: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, ఒక్కో పిక్సెల్‌కు ఇన్ని బైట్లు అని. బొమ్మను తెరమీదికి తెచ్చే డీకోడర్ వాటిని హెచ్చవేసి, మెమరీలో అంత జాగా తీసుకుని, అందులో పిక్సెళ్లు నింపుతుంది. ఆ లెక్కకు 32 బిట్ల గడి వాడితే అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. అది దాటితే, పాత కరెంటు మీటరు 9999 తర్వాత సున్నాకు తిరిగినట్టు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. దీన్నే ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అంటారు. దాడి చేసేవాడు వెడల్పు 32,769, ఎత్తు 32,768, పిక్సెల్‌కు 4 బైట్లు అని రాశాడనుకుందాం. నిజానికి కావాల్సింది 429 కోట్ల 50 లక్షల 98 వేల 368 బైట్లు. గడిలో మిగిలేది 1,31,072. ప్రోగ్రాము ఆ కాస్త జాగానే తీసుకుని అందులో వందల కోట్ల బైట్లు కుమ్మరించబోతుంది. జాగా నిండాక పక్కన ఏముంటే దానిమీద రాసుకుంటూ పోతుంది. ప్రోగ్రాము తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా ఆ పక్కనే ఉంటే, ఇకమీదట ఫోన్ నడిచేది ఫొటో పంపినవాడు చెప్పినట్టే.

సౌదీ ఉద్యమకారుడి ఫోన్‌లో జరిగిందీ ఈ కోవలోదే. వచ్చిన ఫైళ్ల పేర్ల చివర గిఫ్ అని ఉంది, లోపల ఉన్నది పీడీఎఫ్. ఐఫోన్ పేరును పట్టించుకోకుండా లోపలి సరుకును బట్టి డీకోడర్‌ను ఎంచుకుంది. అలా జేబిగ్2 అనే పాత పద్ధతిలో కుదించిన బొమ్మల దగ్గరికి చేరింది. ఫ్యాక్సులు, స్కాన్ చేసిన కాగితాల కోసం పుట్టిన పద్ధతి అది. అక్షరాల గుర్తులు మొత్తం ఎన్నో కూడేటప్పుడు 32 బిట్ల గడి పొంగిపోయింది, తీసుకున్న జాగా చాలలేదు. ఆ తర్వాత జరిగింది చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. గూగుల్ ప్రాజెక్ట్ జీరో పరిశోధకులు విప్పిచూస్తే, ఆ బొమ్మలో 70,000కు పైగా ఆజ్ఞలున్నాయి. అన్నీ కలిసి మెమరీలోనే చిన్నపాటి కంప్యూటర్‌ను కట్టాయి. ఒక బొమ్మల పద్ధతి చేతే కూడికలూ పోలికలూ చేయించారు. యాపిల్ 2021 సెప్టెంబరు 13న ఐఓఎస్ 14.8తో ఆ లోపాన్ని మూసింది.

ప్రోగ్రామర్లు ఇంకాస్త జాగ్రత్తగా రాస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. ఆ జాగ్రత్త ఎంతవరకు పనిచేసిందో చరిత్రే చెబుతోంది. జేపెగ్ ఫైలులో వ్యాఖ్య రాసుకునే చోటొకటి ఉంది. దాని పొడవు చెప్పే అంకెలో ఆ అంకెకు పట్టే 2 బైట్లు కూడా కలిసుంటాయి కాబట్టి ప్రోగ్రాము 2 తీసేస్తుంది. పొడవు సున్నా అని రాస్తే వచ్చేది మైనస్ 2. రుణ సంఖ్యలు తెలియని గడిలో అది 400 కోట్లు దాటిన సంఖ్యగా కనిపిస్తుంది. నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో ఈ లోపం 2000లోనే బహిరంగమైంది. 2004లో మైక్రోసాఫ్ట్ బొమ్మల లైబ్రరీలో మళ్లీ అదే తప్పు దొరికింది. పరీక్షలైనా కాపాడతాయా అంటే, వెబ్‌పీ బొమ్మలను విప్పే లైబ్రరీని గూగుల్ యంత్రాలు ఏళ్ల తరబడి తప్పుడు ఫైళ్లతో పరీక్షిస్తూనే ఉన్నాయి. 2023 సెప్టెంబరులో అందులోనే జాగా దాటి రాసే లోపం బయటపడింది, అదీ దాడులకు వాడుతుండగా. మనుషుల అప్రమత్తత మీదే ఆధారపడ్డ భద్రత ఎప్పుడో ఒకప్పుడు తప్పక జారుతుంది.

ఇదంతా విలేకరులు, ఉద్యమకారుల గొడవ, సామాన్యుడికెందుకు అన్నది ఇంకో అభ్యంతరం. ఖరీదైన నిఘా పరికరాలు ముందు వాళ్లమీదికే వస్తాయన్నది నిజమే. మన దగ్గర పెగాసస్‌తో నిఘా పెట్టారన్న ఆరోపణలపై 2021 అక్టోబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం నిపుణుల కమిటీని వేసింది. వాళ్లు చూసిన 29 ఫోన్లలో ఐదింటిలో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాససే అని తేలలేదు. నిఘా పెట్టిందెవరన్న చర్చ చాలా నడిచింది, నడవాలి కూడా. కానీ ఫోన్ అంత తేలిగ్గా ఎందుకు లొంగుతోందన్న ప్రశ్న అందులో మరుగున పడింది. వెబ్‌పీ లైబ్రరీ ఉన్నది ఉద్యమకారుల ఫోన్లలోనే కాదు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడే ప్రతి ఒక్కరి దగ్గరా. కంపెనీ మరమ్మతు విడుదల చేయగానే దాన్ని చదివి లోపం ఎక్కడుందో పట్టుకునేవాళ్లుంటారు. అప్‌డేట్ అందని పాత ఫోన్ అప్పుడు మరింత బలహీనం.

మరి దారేమిటి? జాగా దాటి రాయబోతే అక్కడికక్కడే ఆపేసే రస్ట్ లాంటి భాషలున్నాయి. వాటిలోనూ లెక్క పొంగవచ్చు. కానీ ఆ పొంగు పక్క మెమరీ దాకా పోదు, ప్రోగ్రాము ఆగిపోతుంది, అంతే. దశాబ్దాలుగా సీ భాషలో రాసిన కోడ్‌ను తిరగరాయడం అయ్యే పనేనా అంటే, అంతా రాయనక్కర్లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన ఫైళ్లను విప్పే భాగాలు చాలు. ఫైర్‌ఫాక్స్ 2016లోనే ఎంపీ4 వీడియో ఫైళ్లను చదివే కోడ్‌ను రస్ట్‌లో రాసి చేర్చింది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను ఇలాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక, మొత్తం భద్రతా లోపాల్లో మెమరీ లోపాల వాటా 2019లో ఉన్న 76 శాతం నుంచి 2024కు 24 శాతానికి దిగింది. ఇన్ని రుజువులుండగా అపరిచిత ఫైళ్లను విప్పే కొత్త డీకోడర్‌ను ఇంకా సీలోనే రాస్తామనే కంపెనీ చెప్పుకోదగ్గ కారణమేదీ లేదు.

యూరప్‌లో అమ్మే ఫోన్లకు ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన 2025 జూన్ నుంచి అమల్లో ఉంది. మన ప్రభుత్వం కూడా తయారీదారుల నుంచి అలాంటి హామీ రాబట్టాలి. ఈలోగా ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగినట్టే, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో కూడా దుకాణంలో అడగండి.